గృహయంత్రములు : ధడా తప్పిన త్రాసు



ఈ మాసము మేమొక క్షమాపణతో ఈ శీర్షిక నారంభింపవలసి వచ్చినది. మూడు నెలల క్రిందట గోదావరి ప్రాంతమునుండి ఒక సోదరి మాకొక జాబు వ్రాసిరి. ఆమె ఉపాధ్యాయిని. తల్లిగారిని, ఇద్దఱు బిడ్డలను వెంట నిడుకొని తన పాత కారును తానే నడుపుకొనుచుందురు. ఒకనాటి యుదయమున రైలు గేటు దాటబోవుచుండగా ఆ కారు పట్టాలకు రెండు మూడు గజముల దూరమున ఉన్నట్టుండి ఆగిపోయెనట. గేటు కాపలాదారుడును, వెనుకనున్నవారును కలిసి దానిని ప్రక్కకు త్రోసిరట. దైవానుగ్రహమువలన ఏ ప్రమాదమును కలుగలేదు. కాని నాటినుండియు ఆ గేటు సమీపించినప్పుడెల్ల వెనుక కూర్చున్న తల్లిగారు కన్నులు మూసికొని జపము చేసికొనుచున్నారనియు, అద్దములో అది చూచినప్పుడెల్ల తన యరచేతులు చెమర్చుచున్నవనియు ఆమె వ్రాసిరి.

ఒక మెకానిక్కునకు చూపగా ఆయన బానెట్టెత్తి, ఏదో త్రిప్పి, ఐదు నిమిషములలో పంపివేసెనట. అటుపిమ్మట ఇంజను ఆగిపోవుట మానినది. కాని వేఱొక చిక్కు పుట్టినది. పెడలుమీదినుండి పాదము తీసివేసినను ఇంజను హోరు తగ్గదు. బడి యెదుట పిల్లల నడుమ మెల్లగా పోవలసినచోట కారు ముందునకే దూకుచుండును. బ్రేకుమీది కాలు తీయుటకు వీలులేదు. "దీనికి మందేమి? లేక, ఇంటివారనునట్లు, ఆడుదానికి పాత కారెందుకని అమ్మివేయుదునా?" యని ఆమె ప్రశ్న.

మేము లక్షణములు మాత్రము చదివి, "థ్రాటిల్ పొజిషన్ సెన్సరు చెడియుండును, మార్పించుకొనుడు" అని రెండు పంక్తులలో జవాబు పంపితిమి. ఆమె మా మాట నమ్మి, ఆ నెల జీతములో కొంత వెచ్చించి, క్రొత్త సెన్సరు వేయించుకొనిరి. హోరు తగ్గలేదు. నాడి చూడకయే మందు చెప్పిన వైద్యునిపని మేము చేసితిమి. ఆ సోదరికి మేము ఋణపడియున్నాము. ఆ ఋణము తీర్చుటకును, ఇట్టి తొందరపాటు వలన మఱొక సోదరి నష్టపోకుండుటకును ఈ నెల పుటలను ఈ విషయమునకే వినియోగించుచున్నాము.

ఈ సెన్సరనగా నేమి?

పెట్రోలు ఇంజనులోనికి గాలి ప్రవేశించు గొట్టమునకు గొంతువంటి యొక తావు కలదు. అచ్చట గుండ్రని రేకొకటి ఇరుసుమీద తిరుగుచుండును. మనము పెడలు నొక్కినకొలదియు ఆ రేకు తెఱచుకొనును. గాలి హెచ్చుగా పోవును. పాదము తీసివేసినచో అది దాదాపుగా మూసికొనును. ఈ రేకునకే థ్రాటిల్ అని పేరు. ఆ యిరుసు కొనను, బొటనవ్రేలంత పెట్టెలో, ఒక చిన్న యుపకరణము బిగింపబడియుండును. రేకు ఎంత తెఱచుకొన్నదో అది విద్యుత్తు మూలమున ఇంజనును పాలించు కంప్యూటరునకు తెలియజేయుచుండును. అదియే థ్రాటిల్ పొజిషన్ సెన్సరు.

పాత కార్లలోని సెన్సరునకు సామాన్యముగా మూడు తీగలుండును. ఒకదానిలో 5 వోల్టుల విద్యుత్తు వచ్చును. ఒకటి భూమి తీగ. మూడవది కబురు మోయు తీగ. లోపల నొక నిరోధపు పట్టీమీద చిన్న లోహపు నాలుక జరుగుచుండును. రేకు మూసియున్నప్పుడు కబురు తీగలో సుమారు అర వోల్టును, పూర్తిగా తెఱచినప్పుడు సుమారు 4.5 వోల్టులును చూపుట అనేకములైన కార్లలో పరిపాటి. సరియైన యంకె మాత్రము కారునకు కారునకు మాఱును. ఆయా కారు మరమ్మతు పుస్తకములో నున్నదే ప్రమాణము.

ఇక పాదము తీసివేసి సిగ్నలువద్ద ఆగియున్నప్పుడు ఇంజను నిశ్చలముగా నడచుటకు ఐడ్లింగు అందురు. సామాన్యముగా చిన్న కార్లలో వేడెక్కిన యింజను నిమిషమునకు 700 మొదలు 900 వఱకు చుట్లు తిరుగును. అప్పుడు రేకు మూసియున్నను, ఇంజనునకు కొంచెము గాలి కావలెను గదా! దానికై ప్రక్కనొక చిన్న దారియు, ఆ దారిని కొలతగా తెఱచి మూయు వాల్వును ఏర్పఱచిరి. ఎయిర్ కండిషనరు వేసినప్పుడు కంప్యూటరు ఈ వాల్వును కొంచెము తెఱచి ఇంజను కుంగకుండ కాపాడును. కాని ఈ పనికి అది పూనుకొనవలెనన్నచో, "పాదము పెడలుమీద లేదు, రేకు మూసియున్నది" యను కబురు సెన్సరునుండి అందవలెను. ఆ కబురు అందనంతవఱకు మనము కారు నడుపుచునే యున్నామని కంప్యూటరు తలంచును.

ధడా కట్టుట

నేయి కొనునప్పుడు మనమేమి చేయుదుము? ఖాళీ గిన్నెను ఒక తట్టలో పెట్టించి, రెండవ తట్టలో దానికి సరితూగు రాళ్లు వేయించి, ముల్లు నడుమకు వచ్చిన పిదపనే నేయి పోయింతుము. దీనినే ధడా కట్టుట యందుము. ధడా తప్పినచో త్రాసు మంచిదైనను, రాళ్లు మంచివైనను తూనిక యంతయు తప్పే. గిన్నె బరువుకూడ నేయిగా లెక్కకు వచ్చును.

సెన్సరునకు సరియైన స్థానము కుదుర్చుట యనగా ఈ ధడా కట్టుటయే. రేకు మూసియున్నప్పటి యంకె తప్పుగా నున్నచో కంప్యూటరునకు ఖాళీ గిన్నె ఎన్నడును కనబడదు. మా పొరపాటిచ్చటనే యున్నది. త్రాసు చెడినదని చెప్పి మేము క్రొత్త త్రాసు కొనిపించితిమి. గిన్నెలో ముందే ఎవరో రాయి వేసియుంచిరని గ్రహింపనైతిమి.

సోదరి కనిపెట్టిన నిజము

ఈ రహస్యము మేము కనిపెట్టినది కాదు, ఆమెయే కనిపెట్టిరి. క్రొత్త సెన్సరు వేసిన తరువాతను ఫలము లేకపోవుటచే ఆమె యొక ఆదివారమున బానెట్టెత్తి, ఆ గొంతుప్రక్కను తీఱికగా పరికించిరట. రేకు పూర్తిగా మూసికొని గోడకు ఒరసికొనకుండుటకు అచ్చట నొక చిన్న ఆపుడు స్క్రూ ఉండును. కర్మాగారములో దానిని కొలతగా బిగించి, కదలకుండ రంగు చుక్క పెట్టుదురు. ఆమె కారులో ఆ రంగు పగిలి, మరలు క్రొత్తగా మెఱయుచుండెనట. "చుట్టునున్నదంతయు మసిబాఱి యుండగా ఇదొక్కటి కడిగిన గిన్నె యంచువలె మెఱయుచున్నది, ఇది ఎవరైన త్రిప్పినదియా?" యని ఆమె మాకు వ్రాసిరి.

ఆ వాక్యము చదువగానే మాకు కథ యంతయు బోధపడినది. సంవత్సరములు గడచినకొలది ఆ రేకు చుట్టును నల్లని జిగట మసి పేరుకొనును. గాలిదారి సన్నగిల్లి ఇంజను సిగ్నళ్లవద్ద ఆగిపోవును. రైలు గేటువద్ద ఆగినది అందుచేతనే. మెకానిక్కు మసి తుడువక, ఆపుడు స్క్రూ త్రిప్పి రేకునే కొంచెము తెఱచి యుంచెను. ఇంజను ఆగుట మానినది; కాని రేకు మూసికొనుటయు మానినది. సెన్సరు ఉన్నదున్నట్లు "రేకు తెఱచియున్నది" యని చెప్పుచున్నది. కంప్యూటరు దానిని నమ్మి ఐడ్లింగు బాధ్యతను వదలివేసినది. ఇందులో అబద్ధమాడిన యుపకరణ మొక్కటియు లేదు. మొదటి జబ్బును కప్పిపుచ్చుటచేతనే రెండవ జబ్బు పుట్టినది.

చేయవలసిన క్రమము

ఇట్టి చిక్కు వచ్చినప్పుడు ఏది ముందు, ఏది వెనుక యను క్రమమే ముఖ్యము. స్వయముగా చేసికొనువారికిని, మెకానిక్కు ప్రక్క నిలిచి చేయించుకొనువారికిని ఈ క్రమము ఒక్కటే.

మొదట జాగ్రత్త. కారును చదునైన బయలులో నిలిపి, చేతిబ్రేకు వేసి, గేరు న్యూట్రలులో నుంచవలెను. తలుపులు మూసిన షెడ్డులో ఇంజనును ఎన్నడును నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగును లేదు, వాసనయు లేదు. ప్రాణములు మాత్రము తీయగలదు. పైటకొంగు నడుమునకు దోపుకొని, జడ ముడిచికొనవలెను. ఇంజను ఆపియున్నను వేడికి ఫ్యాను తనంతట తాను తిరుగనారంభింపవచ్చును. కావున దాని దరికి చేతులు పోనీయరాదు.

రెండవది, ఇంజనును బాగుగా వేడెక్కనిచ్చి, ఎయిర్ కండిషనరును, దీపములను ఆర్పి, అప్పుడు ఐడ్లింగు చూడవలెను. చల్లని యింజను మొదట కొంతసేపు హెచ్చుగా తిరుగుట స్వభావమేకాని జబ్బు కాదు.

మూడవది, సులభమైన కారణములను ముందు వెదకవలెను. పెడలుక్రింద పఱచిన చాప అడ్డుపడుచున్నదా? పెడలు తీగ బిగుసుకొనిపోయినదా? గాలిగొట్టములకు తగిలించిన రబ్బరు ట్యూబులు ఎండి పగిలినవా? పగిలినచోట "సు" మను చప్పుడు వినబడును. ఆ పగులుగుండ కొలతకు రాని గాలి చొరబడి ఇంజనును హోరెత్తించును. ఇరువది రూపాయల ట్యూబుముక్కతో తీరవలసినది వేలతో తీరకుండ పోవుట ఇందువలననే.

నాలుగవది, మసి శుభ్రము చేయవలెను. ఇంజను ఆపి, దీనికై అమ్ము ద్రావకమును మెత్తని గుడ్డపై చల్లి, రేకు అంచును, గొట్టపు లోగోడను తుడువవలెను. గీకరాదు. ఆ ద్రావకము నిప్పంటుకొను స్వభావము గలది. వేడి గొట్టములకు దూరముగా నుంచవలెను.

ఐదవది, ఆపుడు స్క్రూ. రంగు చెక్కుచెదరకుండ నున్నచో దాని జోలికి పోవలదు. ఎవరో త్రిప్పి యుండినచో పాత గుర్తునకు తేవలెను. గుర్తు లేనిచో పుస్తకములోని విధానము ననుసరింపవలెను. దానిని పూర్తిగా వెనుకకు త్రిప్పి వదలుటయు ప్రమాదమే. అప్పుడు రేకు గోడలో ఇఱుకుకొని పెడలు పట్టివేసినట్లగును.

ఆఱవది, ఇప్పుడు మాత్రమే సెన్సరు. తాళము త్రిప్పి, ఇంజను నడుపకుండ, కనెక్టరు తగిలించియుండగనే మల్టీమీటరుతో కొలువవలెను. మీటరును 20 వోల్టుల డి.సి. గుర్తుమీద నుంచి, నల్లని తీగను బ్యాటరీ ఋణధ్రువమునకును, ఎఱ్ఱని తీగను కబురు తీగకును తాకింపవలెను. తీగ తొడుగును గ్రుచ్చి రంధ్రము చేయరాదు. వానకాలమున ఆ రంధ్రముగుండ నీరు చేరి తుప్పు పట్టును. కనెక్టరు వెనుకనుండి సన్నని మొనతో లోహమును తాకింపవలెను. రేకు మూసియున్నప్పటి యంకెను ఒక కాగితముమీద వ్రాసికొనుడు. పిదప మఱొకరిచే పెడలును మెల్లమెల్లగా నొక్కించుడు. అంకె కుండలో నీరు నిండినట్లు క్రమముగా పెరుగవలెను. నడుమ ఎక్కడనైన హఠాత్తుగా పడిపోయినను, ఎగిరినను లోపలి పట్టీ అరిగినదన్నమాట. అట్టి సెన్సరును ఎంత సర్దినను లాభములేదు, మార్చుటయే మార్గము. మేము మొదటనే ఆ సోదరిని ఈ పరీక్ష చేయుమని కోరియుండవలసినది.

అంకె క్రమముగా పెరుగుచు, మొదటి యంకె మాత్రము తప్పియున్నచో అప్పుడు ధడా కట్టవలెను. సెన్సరును పట్టియుంచు రెండు స్క్రూల రంధ్రములు కోలగా నున్నచో అది సర్దుటకు వీలైన రకము. ముందుగా పాత స్థానమునకు పెన్సిలుతో గీతగీసి, స్క్రూలను వదులుచేసి, మీటరు చూచుచు వెండ్రుకవాసి త్రిప్పి, పుస్తకపు టంకె రాగానే బిగింపవలెను. బిగించునప్పుడు కొంచెము జరుగుట సహజము. కావున మరల కొలువవలెను. పెడలును మూడు సారులు నొక్కి వదలి, ప్రతిసారియు అదే యంకె వచ్చుచున్నదని నిశ్చయించుకొనవలెను.

చివరిది, కంప్యూటరు పాత యలవాటును మఱచునట్లు చేయవలెను. కొన్ని కార్లలో బ్యాటరీ ఋణధ్రువపు తీగను కొంతసేపు తీసియుంచిన చాలును. కొన్నింటికి మెకానిక్కువద్దనుండు స్కానరు కావలెను. ఆపిమ్మట ఇంజనును కొన్ని నిమిషములు కదలనీయక ఐడ్లింగులో నుంచిన అది క్రొత్త కొలత నేర్చుకొనును.

చేయరాని పని యొకటి

ఇంజను హోరు తగ్గించుటకని సెన్సరునే త్రిప్పి చూచువారు కలరు. ఇది దొంగతూనిక. సెన్సరు గాలిని కొలువదు, ఆపదు. ఉన్న సంగతి చెప్పును, అంతే. మన కోరికకు తగినట్లు దానిచే అబద్ధమాడించినచో ఐడ్లింగు నేడు కుదిరినట్లు కనబడినను, పెట్రోలు వాడకమును, కారు లాగు శక్తియు రేపు దెబ్బతినును.

సెన్సరు రంధ్రములు కోలగా లేనిచో, ఆకురాయితో వానిని సాగదీయరాదు. అది సర్దుటకు ఉద్దేశింపబడిన రకము కాదు. ఇటీవలి కార్లలో పెడలునకును రేకునకును నడుమ తీగయే లేదు. చిన్న మోటారు రేకును త్రిప్పును. అందులో రెండు సెన్సర్లు ఒకదాని నొకటి సరిచూచుకొనుచుండును. రెండును ఏకీభవింపనిచో కంప్యూటరు ఇంజను బలమును తగ్గించివేయును. అట్టి రేకును తాళము త్రిప్పియుండగా వ్రేళ్లతో త్రోయరాదు. మోటారు వ్రేలిని నొక్కివేయగలదు. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి మన దేశమంతట అమలునకు వచ్చిన బి.ఎస్. 6 నిబంధనల పిమ్మట మన సోదరీమణులు నడుపు స్కూటర్లలోగూడ ఇంధనపు ఇంజెక్షనును, దానితో ఇట్టి సెన్సరును ప్రవేశించినవి. కావున ఈ విషయము కార్లున్నవారికే యని తలంపవలదు.

"ఆడుదానికి పాత కారెందుకు?"

ఈ ప్రశ్నకుగూడ మేము బదులు చెప్పవలసియున్నది. 1888వ సంవత్సరము ఆగస్టు మాసమున జర్మనీ దేశములో బెర్తా బెంజ్ అను నామె, భర్తకు చెప్పకయే, తన ఇద్దఱు కుమారులను వెంటబెట్టుకొని, ఆయన నిర్మించిన మోటారు బండిలో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ నగరములోని పుట్టినింటికి బయలుదేరెను. నూఱు కిలోమీటర్లకు పైబడిన దారి. నడుమ ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా తన టోపీ సూదితో దానిని పొడిచి శుభ్రపఱచెను. తీగ తొడుగు అరిగిపోగా తన మేజోటి పట్టీని చుట్టెను. దారిలో నొక మందుల దుకాణమున ఇంధనము కొనెను. మోటారు బండి దూరప్రయాణమునకు పనికివచ్చునని లోకమునకు తొలుత చూపినది ఆ యిల్లాలే. ఆమె చేసినదంతయు ఏమి? ఎక్కడ ఆగినదో చూచెను. దానికి తగినదానిని చేతికందిన వస్తువుతో చేసెను. మన సోదరి ఆదివారమునాడు బానెట్టెత్తి మెఱయుచున్న మరను కనిపెట్టుటయు అట్టిదే.

పోయిన వారము ఆమెనుండి మూడవ జాబు వచ్చినది. తన యూరి వేఱొక మెకానిక్కువద్ద, తాను ప్రక్క నిలిచి, మసి తుడిపించి, ఆపుడు స్క్రూను పాత గుర్తునకు త్రిప్పించి, సెన్సరును కొలిపించిరట. మూసియున్నప్పటి యంకె 0.9 నుండి 0.5 వోల్టులకు దిగినది. ఇంజను 800 చుట్లవద్ద కుదుటపడినది. ఆ మెకానిక్కు మొదట ఆమెతో మాటలాడక, "మీ వారిని పంపుడమ్మా" యనెనట. కాగితముమీద ఆమె వ్రాసికొని తెచ్చిన యంకెలు చూచిన పిమ్మట, పని ముగియువఱకు ప్రతి కొలతయు ఆమెకే చూపెనట. విప్పి దాచిన పాత సెన్సరునుగూడ కొలిచి చూడగా అది లోపము లేనిదని తేలినది. దానిని ఆమె అట్టపెట్టెలో భద్రపఱచిరి. ఆ వ్యర్థవ్యయమునకు మేమే బాధ్యులము. ఆమె మాత్రము మమ్ము నిందింపక, "మీ తప్పువలననే నేను బానెట్టెత్తుట నేర్చితిని" అని వ్రాసిరి. ఆ మన్ననకు మేము తలవంచుచున్నాము.

తల్లిగారు గేటువద్ద ఇంకను జపము మానలేదట. కాని ఇప్పుడు కన్నులు తెఱచియే చేసికొనుచున్నారట.

ఇకమీదట ఈ శీర్షికకు వ్రాయు సోదరీమణులకు మా మనవి యొకటి. జబ్బు లక్షణములతో పాటు, అది మొదలగుటకు ముందు ఎవరేమి త్రిప్పిరో, ఏమి మార్చిరో తప్పక వ్రాయుడు. మేమును ఆ సంగతి యడుగకుండ జవాబు వ్రాయబోము.